పడమటి గోడకు బయటి ఇన్సులేషన్: ముందు గోడ, తరువాత బోర్డు

ఖమ్మంలోని మా ఇంటి పడమటి గది గోడ ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిది దాటాక తాకినా ఇంకా వేడిగానే ఉండేది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పొద్దు గూకే వరకు ఎండ నేరుగా పడే తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆ వేడిని తనలో నింపుకొని, ఆరేడు గంటల తరువాత, సరిగ్గా మనం పడుకొనే వేళకు, గదిలోకి వదులుతుంది. వేడి ఇటుకలోకి చేరకముందే ఆగాలంటే ఇన్సులేషన్ గోడకు బయటి వైపున ఉండాలి. లోపలి వైపు వేస్తే ఇటుక ఎప్పటిలాగే కాగుతుంది, గదిలో చోటు కూడా తగ్గుతుంది. రెండేళ్ల క్రితం ఒక మేస్త్రీ సాయంతో ఆ గోడకు బయటి నుంచి బోర్డులు నేనే అతికించాను. ఏ బోర్డు కొనాలనే ప్రశ్నతో మొదలుపెట్టి, గోడ ఏ స్థితిలో ఉందో చివర చూసుకోవడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటని నాకు అప్పుడే అర్థమైంది. గోడను బట్టి బోర్డును ఎంచుకోవాలి కనుక ఈ వ్యాసంలో కూడా ఆ వరుసనే పాటిస్తున్నాను.

అసలు ఈ పని మీ ఇంటికి అవసరమో కాదో ముందుగా తేల్చుకోవాలి. శ్లాబు మీద ఏ రక్షణా లేని ఇంట్లో గోడల మీద డబ్బు పెట్టడం సరికాదు. వేసవిలో సూర్యుడు దాదాపు నడినెత్తికి వచ్చే మన ప్రాంతంలో అన్నింటికన్నా ఎక్కువ ఎండ శ్లాబు మీదనే పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని తీసుకువచ్చింది కూడా పైకప్పు వేడిని తగ్గించడానికే. శ్లాబు పని ముగిసిన తరువాత పడమటి గోడ, ఆపైన తూర్పు గోడ గురించి ఆలోచించవచ్చు. ఉత్తరపు గోడకు సాధారణంగా అవసరం ఉండదు. సిమెంటు మిశ్రమంలో గాలి బుడగలు నింపి చేసే తేలికైన ఏఏసీ బ్లాకులతో కట్టిన గోడ మామూలు ఇటుక కన్నా ఎంతో తక్కువ వేడిని పంపుతుంది కనుక, దానికి లేత రంగు పూత సరిపోతుంది. గోడ మీద వేపచెట్టు నీడో, పక్కింటి నీడో సాయంత్రం వరకు పడుతూ ఉంటే ఇక్కడితో చదవడం ఆపినా నష్టం లేదు.

మందం విషయంలో చలి దేశాల లెక్కలు మనకు పనికిరావు. జర్మనీ, పోలండ్ వంటి చోట్ల గోడకు 150 నుంచి 200 మి.మీ. మందం వరకు వేస్తారు, ఎందుకంటే అక్కడ లోపలికి, బయటికి ఉష్ణోగ్రతలో తేడా నెలల తరబడి సుమారు 20 డిగ్రీలు ఉంటుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉన్న మన తొమ్మిదంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు 2 వాట్ల వేడిని పంపుతుంది. దానికి 25 మి.మీ. థర్మాకోల్ తొడిగితే అది సుమారు 0.8కి, 50 మి.మీ. తొడిగితే 0.5 దగ్గరికి, 100 మి.మీ. తొడిగితే 0.3కి దిగుతుంది. మొదటి అంగుళమే సగానికి పైగా వేడిని ఆపుతోందని, రెండు అంగుళాలు దాటాక ఖర్చుకు తగిన ఫలం రావడం లేదని ఈ లెక్కలోనే కనిపిస్తుంది. అందువల్ల మన ఇళ్లకు 50 మి.మీ. మందం సరైనదని నా అభిప్రాయం. కేంద్ర విద్యుత్ శాఖ 2018లో విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ప్రకారం, ఇంటి గోడలు, కిటికీల ద్వారా లోపలికి చేరే వేడి చదరపు మీటరుకు 15 వాట్లకు మించకూడదు. ఆ హద్దు అందుకోవడానికి గోడతో పాటు కిటికీ అద్దాలకు నీడ కూడా కావలసి ఉంటుంది. పడమటి కిటికీకి సజ్జ లేకుండా గోడను మాత్రమే కప్పితే సగం పనే అవుతుంది.

గోడను పరీక్షించడం

మొదటి పరీక్ష చెవితో చేయాలి. సుత్తి పిడితో గోడను అడుగు అడుగుకూ తట్టుకుంటూ వెళ్లండి. ప్లాస్టరింగ్ ఇటుకను గట్టిగా పట్టుకొని ఉన్నచోట శబ్దం పొట్టిగా, గట్టిగా వస్తుంది. విడిపోయినచోట ఖాళీ కుండను తట్టినట్టు డొల్లగా వినిపిస్తుంది. డొల్ల ఉన్న మేరకు సుద్దముక్కతో గీత గీయండి. మా గోడ మీద సజ్జ కింద సుమారు రెండడుగుల మేర ఇలా డొల్ల పలికింది, కాని పైకి వెంట్రుకంత పగులు కూడా కనిపించలేదు. ఉలితో ఒక మూల కదపగానే ప్లాస్టరింగ్ పెద్ద పెచ్చుగా ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనుక ఇటుక మీద తెల్లటి ఉప్పు పొర పేరుకొని ఉంది. బోర్డును దాని మీదే అతికించి ఉంటే, జిగురు ఎంత మంచిదైనా, బోర్డు బరువంతా ఆ పెచ్చు మీద వేలాడేది.

రెండవ పరీక్షగా గోడను అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లని పొడి అంటితే అది వెల్ల గాని, కాలం తీరిన సిమెంట్ పెయింట్ గాని అయి ఉంటుంది. ఎమల్షన్ వేసిన గోడ అయితే కొత్త బ్లేడుతో చిన్న గళ్లుగా గీసి, వెడల్పాటి టేపును నొక్కి అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు టేపుతో పాటు ఊడి వస్తే ఆ రంగు బోర్డును మోయలేదు. ఆపైన గోడ మీద నీళ్లు చల్లి చూడండి. నీళ్లు ఇంకి గోడ నల్లబడితే జిగురు పట్టుకుంటుంది. ముత్యాల్లా జారిపోతే పైన రంగు పొరో, సిమెంటు దూలాలు, స్తంభాల విషయంలో సెంట్రింగ్ పలకలకు రాసిన నూనో ఉన్నట్టు.

చెమ్మ పరీక్షను మాత్రం ఎవరూ వదిలిపెట్టకూడదు. మోకాలి ఎత్తులో ఒకచోట, సజ్జ కింద ఒకచోట, బాత్‌రూమ్ వెనుక గోడ ఉంటే అక్కడ ఒకచోట, అర మీటరు పాలిథీన్ కవరును నాలుగు అంచులా టేపుతో మూసి ఒక రోజంతా ఉంచండి. కవరు లోపల నీటి బొట్లు పట్టినా, దాని కింద గోడ రంగు ముదిరినా గోడలో చెమ్మ ఉన్నట్టే, ఆ కారణం తేలే వరకు బోర్డు ఆలోచన పక్కన పెట్టాలి. పగిలిన డ్రైనేజీ పైపు, పిట్టగోడ పైన పగుళ్లు, పునాది నుంచి పైకి పాకే నీరు ఎక్కువగా కారణాలవుతాయి. చెమ్మ గోడకు బోర్డు తొడిగితే ఆ నీరు బయటికి ఆరే దారి తగ్గి, లోపలి గదిలో రంగు ఉబ్బడం మొదలవుతుంది. అప్పుడు తప్పు బోర్డుదని అనుకుంటాము.

చివరిగా గోడ సమతలం చూడాలి. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని గోడకు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించి, మధ్యలో ఎంత సందు వస్తోందో కొలవండి. 5 మి.మీ. లోపు అయితే బోర్డు వెనుక అంతటా పళ్ల తాపీతో జిగురు పట్టించవచ్చు. 10 మి.మీ. వరకు ఉంటే బోర్డు అంచుల చుట్టూ ఒక వరుస, మధ్యలో మూడు ముద్దలుగా జిగురు పెట్టి ఎత్తుపల్లాలను సర్దవచ్చు. ఈ పద్ధతిలో గోడకు నొక్కిన తరువాత బోర్డు వెనుక కనీసం 40 శాతం మేర జిగురు అంటుకొని ఉండాలి. అంతకు మించిన వంకరను జిగురు మందంతో దాచాలని చూడవద్దు, ముందు ప్లాస్టరింగ్‌తోనే సరిచేయండి. కొత్తగా చేసిన ప్లాస్టరింగుకు క్యూరింగుతో సహా నాలుగు వారాలు గడువు ఇవ్వాలి.

ఏ గోడకు ఏ సిద్ధత

రంగు వేయని సిమెంటు ప్లాస్టరింగ్ గోడ అన్నింటికన్నా సులువైనది. దుమ్ము, నాచు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పని మొదలుపెట్టవచ్చు. నాచు పట్టినచోట బ్లీచింగ్ పౌడరు నీళ్లు రాసి, బ్రష్షుతో తోమి, శుభ్రంగా కడగాలి. పైపైన గీకితే వేళ్లు మిగిలిపోతాయి.

ఎమల్షన్ వేసిన గోడ దగ్గర మూడు దారులున్నాయి. మొదటిది రంగును మొత్తంగా గీకి తీసివేయడం. కష్టమెక్కువ, నమ్మకం కూడా ఎక్కువే. రెండవది, రంగు టేపు పరీక్షకు నిలిచినట్లయితే, గోడను కడిగి, రంగు మీద ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, బోర్డుకు జిగురుతో పాటు ఫాస్టెనర్లు (బోర్డును గోడకు బిగించే గొడుగు తల మేకులు) తప్పక వేయడం. మూడవది పాత ప్లాస్టరింగ్‌నే కొట్టివేసి కొత్తగా చేయించడం. గోడలో డొల్ల నాలుగో వంతుకు మించితే మూడవ దారే చివరికి చౌక అని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే అతుకులు వేయడానికి పట్టే కూలీ రోజులు కొత్త ప్లాస్టరింగ్‌కు దగ్గరగా వస్తాయి. మా ఇంట్లో డొల్ల అంత లేదు కనుక రెండవ దారి పట్టి, సజ్జ కింద భాగం మాత్రం మళ్లీ ప్లాస్టర్ చేయించాను.

వెల్ల వేసిన పాత గోడకు రెండో ఆలోచన లేదు, వెల్ల పొరలన్నీ పోవాలి. వైర్ బ్రష్షుతో గీకి, కడిగి, ఆరాక ప్రైమర్ రాయాలి. వెల్ల మీద ప్రైమర్ రాస్తే చాలని చెప్పేవారున్నారు. ప్రైమర్ పై పొరనే గట్టిపరుస్తుంది, కింద పొర ఎప్పటిలాగే పొడిగా ఉంటుంది. ఉప్పు పొంగిన గోడకు మాత్రం పద్ధతి వేరు. దానిని నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికి ఇంకుతుంది కనుక, పొడి బ్రష్షుతో దులిపి, రాలిన ఉప్పును ఊడ్చి దూరంగా పారబోయాలి. ఇక తెలంగాణ పల్లెల్లో కనిపించే రాతి గోడలకు, ఎత్తుపల్లాలు ఎక్కువ కనుక, ముందుగా ప్లాస్టరింగ్ తప్పదు. మట్టి గోడల జోలికి ఈ పద్ధతితో వెళ్లవద్దు. వాటి అవసరాలు వేరు.

గోడ సిద్ధమైందో లేదో తేల్చే పరీక్ష ఒకటి ఉంది. కొనదలచిన బోర్డు నుంచి పది సెంటీమీటర్ల చదరపు ముక్కలు ఏడెనిమిది కోసి, కొనదలచిన జిగురుతోనే గోడ మీద వేర్వేరు చోట్ల అతికించి, మూడు రోజుల తరువాత చేత్తో పీకండి. బోర్డు ముక్క మధ్యలో చిరిగి, జిగురు గోడ మీదే మిగిలితే గోడ సిద్ధంగా ఉన్నట్టు. జిగురు రంగు పొరతో సహా ఊడి వస్తే గోడ ఇంకా సిద్ధం కాలేదు. జిగురు గోడకు ఉండి, బోర్డు మాత్రం నున్నగా విడిపోతే లోపం బోర్డు ముఖంలో ఉంది.

నాలుగు బోర్డులు

మన మార్కెట్లో దొరికేవి ప్రధానంగా నాలుగు రకాలు: థర్మాకోల్ అని అందరం పిలిచే ఈపీఎస్, గట్టిగా, సాధారణంగా రంగుతో ఉండే ఎక్స్‌పీఎస్, రాతి నారతో చేసే రాక్‌వూల్, పసుపుగా ఉండే పాలియురేథేన్ నురుగు, అంటే పఫ్. వేడిని ఆపడంలో పఫ్ అన్నింటికన్నా మెరుగు, మిగతా మూడింటి మధ్య తేడా స్వల్పం. కనుక ఎంపికను నడిపించవలసినవి నీరు, నిప్పు, చెదలు, జిగురు పట్టు అనే నాలుగు అంశాలు.

సొంతంగా పని చేసుకొనేవారికి ఈపీఎస్ నా మొదటి సలహా. తేలిక, కోయడం సులభం, జిగురు బాగా పడుతుంది, ధర తక్కువ. అయితే కొట్లో ప్యాకింగ్ కోసం అమ్మే థర్మాకోల్ వేరు, గోడకు పనికి వచ్చేది వేరు. గోడకు ఘనపు మీటరుకు 18 నుంచి 20 కిలోల సాంద్రత ఉన్నది కావాలి. ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మి.మీ. మందం ఉన్న షీటు 20 సాంద్రతది అయితే సరిగ్గా అరకిలో తూగాలి. నాకు మొదట వచ్చిన సరుకు మీద 20 అనే రాసి ఉంది. వంటింటి తూకం మీద పెడితే మూడు వందల గ్రాములకు కొద్దిగా పైన ఆగింది. సరుకంతా వెనక్కి పంపాను. కొనేటప్పుడు ఐఎస్ 4671 ప్రమాణంలోని ‘ఎస్ఈ’ రకం, అంటే మంట తీసివేయగానే తానే ఆరిపోయేది, అడిగి తీసుకోండి.

ఎక్స్‌పీఎస్ నీటిని దాదాపు పీల్చదు, తొక్కినా నలగదు. గోడ అడుగున రెండడుగుల ఎత్తు వరకు, వాన చినుకులు ఎగిరి పడే భాగానికి దీనికి సాటి లేదు. కాని దాని నున్నని ముఖానికి జిగురు పట్టదు, ఆవిరి కూడా దానిలోంచి కష్టంగా వెళుతుంది. అందువల్ల గోడ మొత్తానికి దానిని నేను సూచించను, అడుగు భాగానికి మాత్రం తప్పక సూచిస్తాను.

రాక్‌వూల్ మండదు, ఆవిరిని ఆపదు. మెట్ల దారి పక్కన, వంటగది కిటికీ చుట్టూ, పక్కింటి గోడ చేయి చాచేంత దగ్గరగా ఉన్నచోట దీనినే వాడాలి. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయిన ప్రమాదంలో మంట బయటి తొడుగు వెంటే పై అంతస్తులకు పాకింది. ఎత్తైన భవనాల విషయంలో ఈ పాఠాన్ని మరువరాదు. యూరప్‌లో ఈపీఎస్ వేసే భవనాలకు కూడా అంతస్తుల మధ్య, కిటికీల పైన రాక్‌వూల్ పట్టీలు పెట్టే పద్ధతి ఉంది, రెండంతస్తుల ఇంటికి మనం కూడా దానిని పాటించడం మంచిది. ఇక్కడ కూడా సాంద్రత ముఖ్యం: పార్టిషన్లకు అమ్మే, ఘనపు మీటరుకు 48, 64 కిలోల సాంద్రత ఉన్న బోర్డులు ప్లాస్టరింగ్‌ను మోయలేవు, గోడ బయటికి 100 కిలోలకు పైబడినవి కావాలి. వాటి బరువు, దురద, ధర, తడవకుండా దాచుకోవలసిన శ్రమ చూస్తే, మొదటిసారి పని చేసేవారికి గోడంతా రాక్‌వూల్‌తో చేయడం భారమే.

పఫ్ సన్నని మందంలో ఎక్కువ ఫలం ఇస్తుంది కనుక కిటికీ పక్కల, చోటు లేనిచోట ఉపయోగపడుతుంది. మిగతా గోడకు దాని ధర సమర్థనీయం కాదు.

బోర్డు ముఖాన్ని సిద్ధం చేయడం

ఈ పనిని దాదాపు అందరూ మరచిపోతారు. ఈపీఎస్ ఎండలో కొన్ని వారాలుంటే పై ముఖం పసుపుబారి పొడి అవుతుంది. మా గోడకు బోర్డులు అతికించాక మేస్త్రీ సంక్రాంతికి ఊరికి వెళ్లి మూడు వారాలకు వచ్చాడు. వేలితో రాస్తే గోధుమ పిండి లాంటి పసుపు పొడి అంటింది. దాని మీదే బేస్ కోట్, అంటే బోర్డు మీద పడే మొదటి సిమెంటు పూత, వేస్తే పొరలా లేచిపోయేది కనుక, చెక్కకు ఉప్పుకాగితం చుట్టి గోడంతా రుద్ది, పొడి దులిపిన తరువాతే ముందుకు వెళ్లాము. ఒకవిధంగా ఆ రుద్దడం వల్ల బోర్డుల మధ్య ఎత్తు తేడాలు కూడా పోయాయి. ఎక్స్‌పీఎస్ ముఖాన్ని రెండు వైపులా మెరుపు పోయే వరకు గీకాలి, లేదా గళ్ల ముఖం ఉన్న రకాన్నే కొనాలి. రాక్‌వూల్‌కు ముందుగా పలుచని జిగురు పొరను తాపీతో గట్టిగా నారలోకి నొక్కి, ఆ తడి మీదే అసలు జిగురు పెట్టాలి; ఈ మొదటి పొర లేకపోతే జిగురు పై నారలనే పట్టుకొని వాటితో పాటు ఊడుతుంది. పఫ్ కూడా ఎండకు ముదురు రంగులోకి మారి పొడి రాలుతుంది, దానిని కూడా రుద్దవలసిందే.

బోర్డుల మధ్య సందు 2 మి.మీ. దాటితే అదే బోర్డు నుంచి కోసిన సన్నని పట్టీని దూర్చండి. సిమెంటు జిగురుతో నింపితే అక్కడే వేడి దాటుతుంది, అక్కడే పగులు వస్తుంది. కిటికీ మూల దగ్గర రెండు బోర్డుల అతుకు రాకుండా, ఒకే బోర్డును ‘ఎల్’ ఆకారంలో కోసి పెట్టాలి.

జిగురు, ఫాస్టెనర్లు

జిగురు విషయంలో మేస్త్రీతో నాకు కొంత వాదన జరిగింది. సిమెంటు, సన్న ఇసుక, లాటెక్స్ కలిపి సైటు మీదే చేసుకోవచ్చని ఆయన మాట, సంచిలో వచ్చే పాలిమర్ జిగురే వాడదామని నాది. చివరికి పీకుడు పరీక్షకు రెండింటినీ పెట్టాము. సైటులో కలిపినది ఒక చోట నిలిచి, ఒక చోట విడిపోయింది. ప్రతి తట్టకు పాళ్లు మారుతుంటే ఫలితం కూడా మారుతుంది. మొదటిసారి చేసేవారు సంచి జిగురే వాడాలి, దాని మీద ఈపీఎస్ బోర్డులకు తగినదని రాసి ఉండాలి. రబ్బరు జిగుర్లు, థిన్నర్ కలిసినవి థర్మాకోల్‌ను కరిగిస్తాయి కనుక వాటిని దగ్గరికి రానివ్వవద్దు.

రంగు లేని మంచి గోడకు, ఒక అంతస్తు వరకు, తేలికైన ఈపీఎస్‌ను జిగురు ఒక్కటే మోయగలదు. రంగు ఉన్న గోడకు, రాక్‌వూల్‌కు, మేడ పైభాగానికి, తుఫాను గాలులు తగిలే కోస్తా ఊళ్లకు గొడుగు తల ఉన్న ఫాస్టెనర్లు చదరపు మీటరుకు ఆరు చొప్పున వేయాలి. బోర్డుకు 50, జిగురుకు 10, పాత ప్లాస్టరింగ్‌కు 20 పోను ఇటుకలోకి 40 మి.మీ. దిగాలి కనుక 120 మి.మీ. పొడవువి కావాలి. జిగురు ఆరేందుకు కనీసం ఒక రోజు ఆగి, ఆ తరువాతే డ్రిల్ చేయండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ చోటును మాత్రం బోర్డులకు ముందే గుర్తించి, దాని బ్రాకెట్ కోసం గోడకు చెక్క దిమ్మలు బిగించాలి.

అడుగు వరుసను నేలకు తగలనివ్వవద్దు. నేల నుంచి కనీసం ఆరంగుళాల గోడ ఖాళీగా కనిపించేలా అల్యూమినియం పట్టీతో మొదలుపెట్టాలి. చెదలు మట్టి గొట్టాలు కట్టుకుంటూ ఆ ఖాళీ మీదుగానే పైకి రావాలి కనుక మనకు కనిపిస్తాయి. బోర్డు నేలలోకి దిగితే అవి దాని వెనుక నుంచి ఎవరికీ తెలియకుండా ద్వారబంధాల దాకా చేరుతాయి.

కాలం విషయానికి వస్తే, తెలంగాణలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, కోస్తాలో తుఫానులు తగ్గాక డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి తగిన సమయం. మార్చి దాటితే పడమటి గోడ మధ్యాహ్నానికి కాగి, జిగురు పట్టుకోకముందే ఎండిపోతుంది. పడమటి గోడకు ఉదయం పూట నీడ ఉంటుంది కనుక, రోజూ పన్నెండు గంటల లోపల పని ముగించి, మధ్యాహ్నానికి సారవ కర్రలకు పచ్చని షేడ్‌నెట్ కట్టివేయండి.